మామ తర్వాతి పేర్లు

లింబాయత్, సూరత్
5 సెప్టెంబర్ 2021

అన్నా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఉన్నది ఒక్క గది. ఫోన్‌లో చెప్పుకుంటే ఎవరి గురించి చెప్తున్నానో ఆమే పక్కన కూర్చుని వింటుంది. అందుకే గోడవైపు తిరిగి రాస్తున్నాను.

మా అత్తమ్మ ఎల్లవ్వ నా ప్రాణం తోడేస్తోంది. మా ఆయన రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకుంటాడో లేదో, ఆమె గోడకానుకుని ఈ ఇంటి పెద్దల పేర్లు మొదలుపెడుతుంది. పెత్రమాస అమావాస్యనాడు పోయిన పెద్దల పేరిట అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు అవన్నీ వరుస తప్పకుండా చెప్పాలి కదా. చదువు రాదు, అంతా నోటిమీదే. ఇరవై మూడు పేర్లు. కింద కార్ఖానాలో మగ్గాల మోత, దానికంటే గట్టిగా ఈమె గొంతు. చివరికి మామ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొగుడి పేరు పలకదు, కొడుకు పేరు పెట్టి "మా పరమేశ్వర్ వాళ్ల బాపు" అని సిగ్గుపడుతుంది. అక్కడితో అయిపోవాలి. కానీ మేలో నాకూ అత్తమ్మకూ కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి ఆమెకు ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. మామ తర్వాత "వీరయ్య, సారక్క" అని ఎవరివో పేర్లు ఎత్తుకుంటుంది. అయిపోయాయి అత్తమ్మా అని పొయ్యి దగ్గర నుంచి ఆపుతాను. మధ్యలో ఆపితే పెద్దలకు కోపమట, మళ్లీ మొదటి నుంచి! ఒక్కోరోజు మూడుసార్లు. మా ఆయన ముసుగులోంచి తిట్టేది నన్నే.

పైగా ఆ పేర్లన్నీ నేను కంఠస్థం చేయాలట. ఆ మేలోనే మన బాపు పోయినప్పుడు నేనిక్కడ జ్వరంతో పడి ఉన్నాను. ఆఖరిచూపు కూడా దక్కలేదు. ఆయన పేరు ఈ ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా పలకలేదు. కళ్లతో ఎన్నడూ చూడనివాళ్ల పేర్లు నేనెందుకు మోయాలి? మా బాపు పేరు కలుపుతావా అని అడిగితే ఏమందో తెలుసా? "పిల్లనిచ్చినోళ్లకు అల్లుని ఇంట్ల బియ్యం ఇయ్యరు బిడ్డా. అది మీ అన్న పని."

ఆ రోజు నుంచి ఆమెతో సరిగా మాట్లాడటం లేదు. ఒక్క పేరూ నేర్చుకోను. నువ్వైనా ఈ పెత్రమాసకు బాపుకు బియ్యం ఇస్తున్నావు కదా? ఆ ఒక్క ముక్క రాయి.

నీ చెల్లె,
లత

లింబాయత్
24 సెప్టెంబర్ 2021

రఘుపతన్నా,

నీ జాబు చదివి తల కొట్టుకున్నాను. బియ్యం ఇస్తావు, బాగుంది. అయ్యగారు మూడు తరాలు అడిగితే నర్సయ్య తాత దాటి నీకు తెలియదా? అమ్మకూ తన మామగారి దాకానే తెలుసట. ఏటా బాపు పక్కనే కూర్చున్నావు, చెవులు ఎక్కడ పెట్టావు? ఆయనకు నోటికి వచ్చు కదా అని నువ్వు కాగితం మీదైనా రాసిపెట్టుకోలేదు. నాకు మాత్రం తెలుసా అంటే, నాకూ తెలియదు.

నీ మీద కోపం అత్తమ్మ మీద తీర్చుకున్నాను. నిన్న పొద్దున ఆమె మామను దాటి మళ్లీ వీరయ్య అనగానే గరిటె నేలకేసి కొట్టాను. తాత తండ్రి పేరు తెలియక మా అన్న అక్కడ తల పట్టుకుంటే, నువ్వు ఊరివాళ్లందరినీ పిలుస్తున్నావేమిటని అరిచాను.

ఆమె గరిటె తీసి పక్కన పెట్టి నా మొహం చూసింది.

"గవి మీ ఇంటోళ్ల పేర్లే. నీ లగ్గం మాటలప్పుడు మీ బాపు మా వాకిట్ల కూసోని జెప్పిండు, గప్పుడే ఇన్న. ఆయన పాయె, మీ అన్నకు యాదికుంటయో లేవో అని రోజు అనుకుంటున్న. బియ్యం ఇయ్యద్దు గని పేరు అనెతందుకు ఏమాయె? నన్ను ఎన్నడన్న ఆఖరిదాంక అననిచ్చినవా?"

పొయ్యి ఆపేసి ఆమె ఎదురుగా కూర్చున్నాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి ఆపలేదు. మామ తర్వాత వీరయ్య, సారక్క, రాజలింగం, భూదేవి, నర్సయ్య, గంగవ్వ. ఆ తర్వాత అంబదాస్. అన్నా, ఇంకో ఐదు పేర్లు ఓపిక పట్టి ఉంటే నాలుగు నెలలుగా రోజూ బాపు పేరు వినేదాన్ని. ఏడుపు ఆగలేదు. మా ఆయన లేచి కూర్చుని, ఏమైందే అని అడుగుతూనే ఉన్నాడు.

తాత తండ్రి రాజలింగం, ఆయన తండ్రి వీరయ్య. రాసిచ్చాను కదా అని కాగితం చూసి చదివేవు, నోటికి నేర్చుకో. నేనూ ఇక్కడ ఆ ఇరవై మూడూ నేర్చుకుంటున్నాను. పదకొండో పేరు దగ్గర తప్పుతున్నాను, అత్తమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తోంది.

నీ చెల్లె,
అంబదాస్ బిడ్డ లత