ఎనిమిదో భాగంలో వంతుల్లేవు

సోమవారం, సాయంత్రం 6:30

గట్టిగా అనుకున్నాను. నా ప్రాణమైన వీడియో గేమ్ ఎనిమిదో భాగం వచ్చింది. ముందు మూడు గంటలు ఊరికే ఆడనిస్తారట. రోజుకు గంట. నాకు సరిపడుతుందో లేదో గురువారం కల్లా తేల్చేస్తాను!

ఒకటే అనుమానం. పాత ఏడు భాగాల్లో వంతులవారీగా కొట్టుకునేవాళ్లం. నా వంతు వస్తే, నేను తేల్చుకునేదాకా శత్రువు కత్తి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడేవాడు. ఎంత మర్యాదస్థుడు! ఇందులో వంతులు తీసేశారట.

ఇంకో సంగతి. మా కళ్లజోళ్ల షాపులో ఫ్రేముల కౌంటర్ చూసే ఆమె ఇవాళ, "మనం పెళ్లి చేసుకుందామా?" అని అడిగింది. ఒళ్లు ఝల్లుమంది. శనివారం చెబుతానన్నాను.

మంగళవారం

పదిహేడు మందికి కళ్లు పరీక్షించాను. అద్దాలు మార్చి "మొదటిది బాగుందా, రెండోదా?" అంటే ఒకాయన ఆరుసార్లు "ఇంకోసారి చూపించండి" అన్నాడు. ఇంత చిన్న విషయం తేల్చుకోలేరా మనుషులు!

7:40. గంట అయిపోయింది. ఆట మొదలవ్వాలంటే ముందు హీరో మొహం మనమే తయారుచేయాలి, నేనింకా ముక్కు దగ్గరే ఉన్నాను. నలభై రెండు రకాల ముక్కులు!!

బుధవారం

ముక్కు ఖాయం. పదకొండో నంబరు.

మొదటి శత్రువు కప్ప. ఏ కత్తి తీయాలా అని చూస్తుండగానే మింగేసింది. తొమ్మిదిసార్లు. దానికి బొత్తిగా మర్యాద లేదు.

అక్క ఫోన్. "నువ్వు తేల్చేలోపు తొమ్మిదో భాగం వచ్చేస్తుందిరా!" పెళ్లి మాట ఎత్తలేదు. ఎత్తితే ఇవాళే బట్టలు కొనేస్తుంది.

గురువారం

మూడో గంట ముక్కు మార్చడానికే సరిపోయింది. తప్పు నాది కాదు. పదకొండో నంబరు ముక్కు మీద కళ్లజోడు నిలవదు.

శుక్రవారం

ఇంకో ఈమెయిల్‌తో రెండో అకౌంటు తెరిచాను. మళ్లీ మూడు గంటలు! లోకంలో దారులు మూసుకుపోవు.

శనివారం

మధ్యాహ్నం ఆమె భోజనం బాక్సు తెచ్చుకుని పరీక్ష గదిలో నా ఎదురుగా కూర్చుంది. "తేల్చారా?"

"లేదండీ. కప్ప దగ్గరే ఆగిపోయాను. అందుకే రెండో అకౌంటు తెరిచాను."

ఆమె అడిగింది గేమ్ గురించి కాదని అప్పుడు వెలిగింది. "నాకు రెండో అకౌంటు లేదండీ" అని బాక్సు మూత పెట్టి లేచింది.

భయమేసింది. ఆమె లేని షాపు తలుచుకుంటే ఏడుపొచ్చింది. గది తలుపు దాటేలోపు "చేసుకుందాం!" అని అరిచాను. జీవితంలో మొదటిసారి, వంతు చూసుకోకుండా. బయట గోడ మీది చార్టులో ఒక కన్ను మూసుకుని తనకు తానే అక్షరాలు చదువుకుంటున్న పెద్దాయన రెండో కన్ను కూడా తెరిచాడట.

ఆమె నవ్వింది.

సోమవారం

కొత్త తీర్మానం! మూడో అకౌంటు. ముక్కుల జోలికి వెళ్లను. రోజుకు గంటే. గురువారం కల్లా ఖాయంగా తేల్చేస్తాను.

షాపు తెరవగానే ఆమె నన్ను పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టింది. కంటి ముందు అద్దం పెట్టి, "పెళ్లి మే నెలలోనా?" అంది. అద్దం మార్చింది. "జూన్‌లోనా?"

"ఇంకోసారి చూపించండి" అన్నాను.