థోర్నీకోంబ్ వారి మొదటి పేజీ

ఎక్సెటర్,
4 మార్చి 1954

లేడీ డ్రసిల్లా థోర్నీకోంబ్ గారి సముఖానికి,

'డెవన్ వింత వంశాలు' కొత్త ముద్రణలో మీ వంశాన్ని తీసేస్తున్నామని చెప్పడానికి చింతిస్తున్నాను. మీ మామగారి తాత గుర్రమెక్కి భోజనాల గదికి వచ్చేవారని అరవయ్యేళ్లుగా మొదటి పేజీలో వేస్తున్నాం. ఆ తర్వాత మీ ఇంట్లో వింతేదీ జరగలేదాయె.

విధేయుడు,
ఎడ్గర్ విట్లో, సంపాదకుడు

తా.క. ఆ పేజీ మీ పక్క ఎస్టేటు మోల్టన్ వారికి ఇస్తున్నాం. వాళ్లు నిప్పుకోడిని చర్చికి తీసుకెళతారు.

థోర్నీకోంబ్ హాల్,
8 మార్చి

విట్లో గారికి,

మోల్టన్లు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు. మూడొందల ఏళ్లు కూడా కాలేదు. మా తాతలు నేతులు తాగారని మా మూతులు వాసన చూడమనడం లేదు. నిన్న ఒక కాలికి ఎర్ర మేజోడు, ఒక కాలికి పచ్చది వేసుకుని ఊరంతా తిరిగాను.

కోపంతో,
డ్రసిల్లా

తా.క. జవాబు ఆలస్యమైంది. మీ ఉత్తరం మావారి మేనత్త అగస్టా అందుకుని, చదివి దాచేశారు. ఆవిడ పోయి ఇరవై మూడేళ్లయింది కనుక ఏమీ అనలేం.

ఎక్సెటర్,
9 మార్చి

అమ్మా,

అలాంటి మేజోళ్లు పొరపాటున నేనూ వేసుకుంటాను. చాలవండీ.

విట్లో

తా.క. పోయిన అగస్టా గారు ఉత్తరం చదవడమేమిటి? సిరా ఒలికింది, మన్నించాలి.

థోర్నీకోంబ్ హాల్,
11 మార్చి

అయ్యా,

రాత్రి టోపీలో పోసుకుని సూప్ తాగాను. మావారు "ఉప్పు సరిపోయిందా?" అని మళ్లీ పేపర్లో తల దూర్చారు. ఇంకేం చెయ్యమంటారు? పుస్తకంలో పేరు లేకపోతే ఆదివారం ఆ నిప్పుకోడి ముందు తలెత్తుకోలేను.

దిగులుతో,
డ్రసిల్లా

తా.క. అత్తయ్య సంగతిలో వింతేం లేదు. 1931లో జిల్లా పత్రిక ఆవిడ పోయారని రాసింది. అచ్చయిన మాటను కాదనడం మర్యాద కాదు కదా. సమాధి కట్టించాం, ఆవిడా పెద్దమనసుతో ఒప్పుకున్నారు. రోజూ భోజనానికి వస్తారు, మేం పలకరించం. ఏటా మార్చిలో ఎవరో సమాధికి లిల్లీలు పంపుతారు. ఆవిడే వాటిని సర్ది, రోజంతా తుమ్ముతారు. చిరంజీవ అనడానికి కూడా వీల్లేదు.

ఎక్సెటర్,
12 మార్చి

తల్లీ,

ఆ వార్త రాసింది నేనే. ఆ పత్రికలో కొత్తగా చేరిన రోజులు. తప్పని మర్నాడే తెలిసింది, ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. వారం తిరక్కుండా మీ ఇంట సమాధి లేచింది. నా రాత చదివే ఆవిడ గుండె ఆగిందనుకున్నాను. ఇరవై మూడేళ్లు ఆ పాపం మోశాను. ఆ లిల్లీలు నావే. ఆవిడ బతికే ఉన్నారు! ఆఫీసంతా కేకు పంచాను. మొదటి పేజీ మీదే. నిప్పుకోడి పదిహేడో పేజీకి పోయింది.

ఆనందంతో,
ఎడ్గర్

తా.క. ఇప్పుడైనా సవరణ వేయించనా?

థోర్నీకోంబ్ హాల్,
14 మార్చి

ఎడ్గర్ గారికి,

ప్రాణం లేచొచ్చింది. టోపీ సూప్ పనిచేస్తుందని నాకు తెలుసు. సవరణ మాత్రం వద్దు, సమాధి మీద పద్యం మావారు స్వయంగా రాసుకున్నారు.

సంతోషంతో,
డ్రసిల్లా

తా.క. మీ ఉత్తరం చదివి అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. పోయినవాళ్లు మాట్లాడకూడదు కనుక ఉప్పుగిన్నె కింద చీటీ పెట్టారు: "ఆ అబ్బాయిని క్షమించానని రాయి. ఈసారి లిల్లీలు వద్దు, గులాబీలు తెమ్మను. తనే తేవాలి. ఆదివారాలు నేను సమాధి దగ్గరే ఉంటాను."