తొట్టిలో పరిచిన షీటు

ములకలపల్లి
12 జూలై 1993

చెల్లీ విశ్రాంతీ,

నీ ఉత్తరం చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి కలిపే నూనెలాంటి పదార్థాన్ని మీ ల్యాబులో కడుపుతో ఉన్న ఎలుకలకు పెడుతున్నారనీ, తల్లులు బాగానే ఉన్నా పుట్టిన పిల్లల కాలేయంలో కొవ్వు పేరుకుంటోందనీ రాశావు. నువ్వు బోన్లు కడిగే పని గురించి చెబుతూ మాటవరసకు రాసిన సంగతి అది. నేను నాలుగుసార్లు చదివాను.

మా మహిళా సంఘం కొట్టంలో మొన్న చలికాలం పుట్టిన మేకపిల్లలు చిన్నగా పుట్టి, మూడు నెలలకే పొట్టలు ఉబ్బి, నడవలేక కూలబడ్డాయి. ఐదు చచ్చిపోయాయి. పశువుల డాక్టరు ఒకదాన్ని కోసి చూశాడు. కాలేయం పాలిపోయి, కత్తికి జిడ్డుగా అంటుకుంది. సూడి మేకలకు మంగ్లి కొలత లేకుండా మేపిందని తేల్చేశాడు. పదేళ్లుగా మేకలు కాస్తున్న మనిషిని సంఘం ఒక్క పూటలో మాన్పించింది. పోతూ పోతూ నా ముందు ఆగి, "నీ చేత్తోనే కొలిచి ఇస్తివి గదమ్మా, నువ్వన్న చెప్పరాదూ," అంది. మేత లెక్క రాసే పుస్తకం మూసుకుని నేను ఇంటికొచ్చేశాను.

నీ ఉత్తరం చదివాక సూడి మేకల కుడితి తొట్టి గుర్తొచ్చింది. అందులో షీటు పరిచింది నేను. చెక్క తొట్టి కారుతోందని, వాసన వస్తోందని మెత్తటి ప్లాస్టిక్ షీటు తెచ్చి నా చేతులతో పరిచాను. పల్లిచెక్క వేసిన కుడితి వేడివేడిగా పోస్తే కొత్త షీటు వాసన గుప్పుమనేది. శుభ్రంగా ఉందని సంబరపడ్డాను. ఆ వాసనతో పాటు నువ్వు రాసిన నూనె కూడా కుడితిలోకి దిగిందేమో. తొట్టి దగ్గర చోటు చాలక ఆరు మేకలకు అదే కుడితిని మంగ్లి ఇనుప బకెట్టులో పెట్టేది. నా పుస్తకం తీసి చూశాను. ఆ ఆరింటి పిల్లల్లో ఒక్కదానికీ పొట్ట రాలేదు. మేత ఎక్కువైతే వాటికీ రావాలి కదా?

ఎలుకల్లో కనబడింది మేకల్లో ఉంటుందని చెప్పలేమని నువ్వు అంటావు, తెలుసు. మీ బావగారు "గమ్మునుండు, నీ మెడకే చుట్టుకుంటది" అంటున్నారు. చుట్టుకోనీ. ఆదివారం మీటింగులో చెబుతాను.

నీ పెద్దక్క,
జోజమ్మ


ములకలపల్లి
24 ఏప్రిల్ 1994

విశ్రాంతీ,

ఇన్నాళ్లూ నీకు రాయనిది చేతిలో రుజువు లేకనే. ఆ ఆదివారం మీటింగులో షీటు సంగతి చెబితే డాక్టరు నవ్వాడు. "వంటింటి పుస్తకం పట్టుకొచ్చి నాకు డాక్టరీ చెప్తవా అమ్మా?" అన్నాడు. ప్రెసిడెంటు రామక్క, "తొట్టి కడుగుడు మాకు నేర్పింది నువ్వే, ఇప్పుడు తొట్టే పాడంటివి. రేపు మమ్మల్ని గూడ పాడంటవేమో," అంది. అందరూ నవ్వారు. సరే, ఒక ఈత చూడండి అన్నాను. నా సొంత మేకలు ఆరింటిని షీటు తొట్టికి కట్టాను, సంఘం మేకలు ఆరింటిని రాతి తొట్టికి. ఒకటే కుడితి, ఒకటే కొలత. తెలిసి తెలిసి నా మేకలకు అలా పెట్టడం పాపమో కాదో ఫాదరుగారిని అడగలేదు. వేరేవాళ్ల మేకలను కట్టడానికి మాత్రం మనసొప్పలేదు.

జనవరిలో ఈనాయి. షీటు తొట్టి తల్లులకు ఎనిమిది పిల్లలు. ఆరింటికి పొట్టలొచ్చాయి, రెండు చచ్చిపోయాయి. రాతి తొట్టి తల్లులకు తొమ్మిది, ఒక్కదానికే వచ్చింది. డాక్టరు చచ్చినదాన్ని కోశాడు. మళ్లీ అదే జిడ్డు. ఈసారి మేత ఎక్కువైందనలేకపోయాడు. నా పుస్తకం చూసి, "రాతి తొట్టి పిల్లల్లో ఆ ఒక్కటి తీసెయ్యి, రిపోర్టు నేను పైకి పంపుతా," అన్నాడు. తీయను అన్నాను. అది కూడా పుట్టింది, పొట్ట కూడా వచ్చింది. ఎందుకో నాకు తెలియదు, తెలియదనే రాయండి అన్నాను.

గర్వంగా మంగ్లి ఇంటికి వెళ్లాను. సంఘం రమ్మంటోందని, తప్పు నీది కాదని తేలిందని చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నా తప్పు లేదని నాకు ఎరికే. నీకు గూడ ఎరికే. గా దినం ఒక్క మాట అనకపోతివి. ఇప్పుడు పిల్లలను సంపి తెలుసుకొని వస్తివా?" అంది. నిజమే, చెల్లీ. తొమ్మిది నెలలు అందరి మీదా గెలవాలని చూశాను. నోరు తెరవాల్సింది మాత్రం మొదటి రోజు.

జీతానికి రానంది. సంఘంలో మెంబరుగా అయితేనే వస్తానంది. మేకలు కాసే మనిషి మెంబరేమిటని రామక్క అంటే, అయితే నా చోటు ఆమెకివ్వండి, నేను దిగిపోతాను అన్నాను. గంట వాదించారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడే ఉన్నాను. చివరికి నన్ను ఉంచే ఆమెకూ చోటిచ్చారు.

మెంబరుగా మంగ్లి చెప్పిన మొదటి మాట, బతికిన పొట్టపిల్లలను కోతకు అమ్మొద్దని. రోజూ అడవి అంచు దాకా నడిపించి, ఆకు మేపి చూస్తుందట. బాగవుతాయో లేదో ఎవరికీ తెలియదు. నడవలేని పిల్లను నేను ఎత్తుకోవాలట. అది చాలా బరువు. పొద్దున్నే వెళ్లాలి, ఉంటాను.

నీ అక్క,
జోజమ్మ