నింపేవాడి ఉలుకు

మాస్టారూ, బాగున్నారా అని రాసేశాను. చేతికి అలవాటు. కొట్టెయ్యాలనిపించలేదు, ఉండనివ్వండి. మీరు వెళ్ళి మొన్న ఆదివారానికి మూడు నెలలు.

ఆదివారంతో లెక్క ఎందుకంటే... ఏడేళ్ళుగా మనకి ఆదివారం అంటే తుపాకులు కాల్చే రేంజే కదా.

మంచి వార్త ముందు చెప్పమంటారు మీరు. పేపర్లో చెడ్డ వార్తే పైన వేస్తారెందుకని నన్ను ఆట పట్టించేవారు. మీ శిష్యురాలు నాగమణి జట్టు సెలక్షన్ అయిపోయింది. ఏమైందో చివర రాస్తాను. అది ఎలా జరిగిందో చెప్పకుండా ఏమైందో ఒక్కటే చెబితే సగం అబద్ధం అవుతుంది. ఇప్పటికే మీ దగ్గర ఒక అబద్ధం ఉంది నాది.

మీ మీద నాలుగు పేరాల వార్త రాశాను. చూపించడానికి మీరు లేరు. ఏలూరు తివాచీ నేతగాళ్ళ ఇంట పుట్టారని, రిజర్వు పోలీసులో ఆయుధాల గది చూసుకునే హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యారని, ఆ తరువాత మా క్లబ్బు రేంజిలో ఉచితంగా పిస్తోలు నేర్పారని రాశాను. పేరు ఖాదర్ అనే పడింది, అచ్చుతప్పు రాలేదు. ఉన్నవన్నీ నిజాలే. లేనిది ఒకటుంది. గురి కంటే ముందు మీరు ఉలుకు మాన్పించేవారని నాలుగు పేరాల్లో పట్టలేదు.

మొదటి రోజు గుర్తుందా? మీ మీద ఫీచరు రాద్దామని వచ్చాను. మీరు కబుర్లేమీ చెప్పకుండా రివాల్వరు చేతికిచ్చారు. నేను కాల్చింది బోర్డుకి రెండు గజాల ఇవతల ఇసకలో దిగింది. మీరు నవ్వలేదు. "గురి బానే ఉందండీ విలేకరి గారూ. గుండు బయల్దేరకముందే మీరు బయల్దేరిపోతున్నారు."

తరువాత వివరంగా చెప్పారు. చప్పుడు వస్తుందని ఒంటికి ముందే తెలుసు. అందుకని రాకముందే చెయ్యి కిందకి తోస్తుంది, కన్ను మూతపడుతుంది. గుండు పేలితే ఆ అదురులో ఇది కలిసిపోయి ఎవరికీ కనబడదు. అందుకే మీరు నిండు తూటాల మధ్య పేలిపోయిన ఖాళీవి కలిపి నింపేవారు. ఖాళీ దాని మీద టక్ మని సుత్తి పడుతుంది, చప్పుడుండదు... కానీ గొట్టం మొన మాత్రం కిందకి వాలుతుంది. కాల్చినవాడు సిగ్గుపడతాడు. "నిండుది దాచిపెడుతుందండీ, ఖాళీది బయటపెడుతుంది."

ట్రిగ్గర్ గురించి మాత్రం మీరు మీ నాన్నగారి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయేవారు. "అది నొక్కేది కాదండీ, బిగించేది. తివాచీ ముడి బిగించినట్టు. బిగుసుకుంటోందని వేలికి తెలియాలి. ఎప్పుడు పడుతుందో మాత్రం తెలియకూడదు."

ఇంకొకటి చేసేవారు. మూడు నిండువి, మూడు ఖాళీవి పెట్టి, రివాల్వరు చక్రాన్ని గిర్రున తిప్పి, కళ్ళు మూసుకుని దాన్ని లోపలికి నెట్టేవారు. అది మీ సరదా అనుకున్నాను. ఒకసారి అడిగాను కూడా. "నింపేవాడికి తెలిస్తే కాల్చేవాడికి తెలిసిపోతుందండీ" అన్నారు. ఆ మాట నోటుబుక్కులో రాసుకోలేదు. రాసుకోవలసిందే అప్పుడు.

నాగమణిని మీ దగ్గరికి పంపింది వాళ్ళ ఆఫీసువాళ్ళే. ఇరవై నాలుగేళ్ళ కానిస్టేబులు, కైకలూరు అవతల లంక ఊరి పిల్ల. ఎయిర్ పిస్తోలుతో పదికి పది కొడుతుంది, చప్పుడు చేసే పిస్తోలు పట్టుకుంటే ఇసక తవ్వుతుంది. జిల్లా జట్టు సెలక్షన్‌లో రెండేళ్ళు వరసగా పోయింది. మూడోసారీ పోతే ఆదివారాలు ప్రాక్టీసుకి వదలనని డ్యూటీ వేసే సారు చెప్పేశాడు.

ఆ ఉలుకు ఎక్కడిదో పట్టుకున్నది మీరే. వాళ్ళ నాన్న చేపల చెరువు కాపలా మనిషి. చేపల మీద వాలే పిట్టల్ని తోలడానికి ఇనప గొట్టంలో కార్బైడు వేసి పేలుస్తాడు. పేల్చేముందు ప్రతిసారీ పక్కనున్న కూతురికి చెవులు మూసుకోమని కేకేసేవాడు. మంచి తండ్రి. దాంతో ఆ పిల్లకి చప్పుడు కంటే కేకే ముందు ఒంటికి ఎక్కింది. మీరు తెల్లారకుండానే కైకలూరు బస్సెక్కి వెళ్ళి ఆ గట్టు మీద కూర్చున్నారు. ఆయన్ని కేక వెయ్యకుండా పేల్చమన్నారు. మర్నాడు నాకు చెప్పినప్పుడు మీ మొహం చూడాలి. "మూడోసారికి పిల్ల కళ్ళు తెరిచే ఉందండీ."

తరువాత మీకు దగ్గు మొదలైంది.

మీరు పోయాక రెండో వారం రేంజి తెరిచారు. మీ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, పక్కకీ జరపలేదు. క్లబ్బులో నేర్పడానికి వేరే మనిషి లేడు. నాగమణి వచ్చి నిలబడింది. నేను నింపుతానని చెప్పాను. నాకు గురి లేకపోయినా, మీ పక్కన ఏడేళ్ళు నిలబడి చూసినవాణ్ణి కదా అనుకున్నాను.

ఇక్కడే తప్పు చేశాను మాస్టారూ. నా పద్ధతిలో చేశాను. చక్రం తిప్పితే ఏ అరలో ఏది పడిందో రికార్డు ఉండదు. రికార్డు లేకపోతే పిల్ల బాగుపడిందని ఎలా తెలుస్తుంది? అందుకని తిప్పడం మానేశాను. నేనే వరస వేసి, నోటుబుక్కులో ముందే రాసుకుని, ఆ ప్రకారం నింపేవాణ్ణి. నిండు, ఖాళీ, ఖాళీ, నిండు... పక్కన ఫలితం.

నాలుగు వారాలకి నా పేజీ చూసి నేనే మురిసిపోయాను. ఖాళీ దాని మీద మొన కదలడం లేదు. నిండువి బోర్డులో నల్ల మచ్చ చుట్టూ పడుతున్నాయి. మీ దగ్గర ఏడాదిలో రానిది నా దగ్గర నెలలో వచ్చిందని... అవును, అలాగే అనుకున్నాను. కోపం వచ్చిందా?

ఐదో ఆదివారం మబ్బు పట్టింది. కొల్లేరు వైపునుంచి నల్లగా కమ్ముకొచ్చింది, చినుకు మాత్రం పడలేదు. అదే వరస పద్ధతి, అదే రివాల్వరు. మొదటి ఖాళీకి మొన జానెడు కిందకి వాలింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నిండువి మూడూ ఇసకలో. సెలక్షన్‌కి ఇంకా మూడు వారాలుంది.

నాగమణి రివాల్వరు బల్ల మీద పెట్టి నేలకేసి చూస్తూ నిలబడింది. తల ఎత్తకుండానే అంది.

"ఇవాళ మీ నీడ లేదండీ."

అర్థం కాలేదు. అడిగితే మెల్లిగా చెప్పుకొచ్చింది. మన రేంజి పడమటి ముఖం. పొద్దున్నపూట ఎండ మన వెనకనుంచి వస్తుంది. ఆమె వెనక నిలబడితే నా నీడ ఆమె ముందు ఇసకలో పడుతుంది. నిండు తూటా వంతు వచ్చినప్పుడల్లా ఆ నీడ భుజాలు పైకి లేస్తాయట. ఖాళీ దానికి లేవవట. ఏది రాబోతోందో తెలిస్తే పళ్ళు బిగించి చెయ్యి కదలనివ్వదట. అది చూసి కాలుస్తున్నానని తనకీ తెలియదంది. నీడ లేని రోజు వస్తే తెలిసిందట. ఏడవలేదు గానీ, ఈసారి కూడా పోయినట్టేనా అని అడిగింది. నేను ఖాళీ తూటాలు ఏరి డబ్బాలో వేశాను.

పిల్ల వెళ్ళిపోయాక మీ కుర్చీ పక్కన బల్ల మీద కూర్చున్నాను. నోటుబుక్కు తెరిచి నాలుగు వారాల పేజీలు చూశాను. అందులో ఉన్నది నాగమణి రికార్డు కాదు... నాదే. ప్రతి 'నిండు' దగ్గరా ఉలిక్కిపడింది నేను.

అప్పుడు మీ ఇల్లు గుర్తొచ్చింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీకే మొదట చెబుతున్నాను. బెజవాడ డాక్టర్లు ఏం చెప్పారో మీకంటే ముందు నాకు తెలుసు. తాడేపల్లిగూడెం నుంచి మీ అల్లుడు వచ్చి ఏలూరు బస్టాండులో నిలబెట్టి చెప్పాడు. నెల, మహా అయితే రెండు నెలలు. మీకూ వదినగారికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. ఒప్పుకున్నాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నిజం దాచమంటే ఒప్పుకున్నది అదొక్కసారే అని రాయబోయాను. అదీ అబద్ధమే. మీ దగ్గర మాత్రం అదొక్కసారే.

ఆ సాయంత్రమే మీ ఇంటికి వచ్చాను. మీరు దిండుకి ఆనుకుని ఉన్నారు. నేను కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే మాట్లాడేశాను. పోయినేడు కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేశాక నీళ్ళు ఎంతవరకు పరుచుకున్నాయో, నాగమణి వాళ్ళ నాన్న ఇప్పుడు ఏ చెరువు మీద ఉన్నాడో, వానలెలా ఉన్నాయో... మీరు వింటూ నా మొహమే చూస్తున్నారు.

"ఏంటండీ, ఇవాళ రెప్పలు ఎక్కువ కొడుతున్నారు?"

దుమ్ము పడిందన్నాను. మీరు నవ్వబోతే దగ్గొచ్చింది. అది తగ్గాక ఒక కోరిక కోరారు. "ఒక్క ఆదివారం నన్ను రేంజికి తీసుకెళ్ళండి. మీరు నింపండి, నేను కాలుస్తాను. నాకూ ఉలుకొచ్చిందేమో చూసుకోవాలి."

తగ్గాక వెళ్దాం లెండి అన్నాను.

"అలాగేనండీ."

అదే మన ఆఖరి మాట. ఆ తరువాత పందొమ్మిది రోజులు మీరున్నారు, నేను రాలేదు. ఫోను చేస్తే కొల్లేరు పని మీద ఉన్నానని వదినగారితో చెప్పాను. నిజానికి కొల్లేట్లో ఉన్నది నాలుగు రోజులు. మిగతా పదిహేను రోజులూ ఏలూర్లోనే ఉన్నాను. మా ఆఫీసు నుంచి మీ వీధికి నడిచి పది నిమిషాలు.

మీకు తెలిసిపోయిందా మాస్టారూ? నా రెప్పల్లోనే చదువుకున్నారా? చదువుకుని, నాకు ఇబ్బందిగా ఉంటుందని, అలాగేనండీ అని ఊరుకున్నారా? ఆ పందొమ్మిది రోజులూ ఆ మంచం మీద మీరొక్కరే ఆ మాట మోశారా... లేక నిజంగానే దుమ్మనుకున్నారా?

ఎంతమందిని ప్రశ్నలడిగానో. ఈ ఒక్కదానికే జవాబు చెప్పే మనిషి లేడు.

తరువాతి వారం నాగమణి వస్తుందో రాదో అనుకున్నాను. నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర ఉంది. నోటుబుక్కు జేబులోంచి తియ్యలేదు. మూడు, మూడు పెట్టి చక్రం తిప్పి, కళ్ళు మూసుకుని లోపలికి నెట్టాను. మీకది ఎంత తేలికగా ఉండేదో. నేను మాత్రం రెండుసార్లు తెరిచి మళ్ళీ తిప్పాను. ఏది ఎక్కడుందో తెలియకుండా నిలబడటం నాకు అలవాటు లేని పని.

మొదటి వారం ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పేలనిదానికీ పేలినదానికీ కూడా. నాగమణికి నవ్వొచ్చింది. మాస్టారి చెయ్యి అయితే ఇంత తడబడేది కాదండీ అని నన్ను దెప్పింది. రెండో వారం, ఆమె ఐదోసారి కాల్చినప్పుడు టక్ మంది. గొట్టం మొన... ఉన్నచోటే ఉంది. రెండు క్షణాల తరువాత గానీ అది ఖాళీదని నాకు తట్టలేదు. ఆ రోజు ఎండ బాగా ఉంది. నా నీడ కదిలిందా లేదా అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

ఇక ఫలితం. జట్టులో ఐదో పేరు వచ్చింది. కాల్చేది నలుగురే. ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ఐదో మనిషి దిగుతుంది. పేపర్లో అయితే ఒక్క లైను కూడా రాదు. కానీ ఆదివారాలు మిగిలాయి. ఆ సాయంత్రమే కైకలూరు బస్సెక్కి వాళ్ళ నాన్నకి చెప్పడానికి వెళ్ళింది. వెళ్తూ, ఆఖరి గుండు ఎప్పుడు పేలిందో నాకే తెలియలేదండీ అంది. మీరు వినుంటే కుర్చీ జరుపుకుని కూర్చునేవారు. ఆ కుర్చీ చప్పుడు నాకు తెలుసు.

ఇంకొక్కటి ఉంది, దానికోసమే ఈ ఉత్తరం.

మీ నలభయ్యో రోజున వదినగారు నన్ను పక్కకి పిలిచి, ఆయన జబ్బు సంగతి మీకు ముందే తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు. లోపలికి వెళ్ళి టీ పట్టుకొచ్చారు. మీతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి... రెప్పలు చూడటం ఆవిడకి మాత్రం రాదా?

అప్పటినుంచి మళ్ళీ మీ వీధిలోకి రాలేదు. మళ్ళీ అదే పని చేస్తున్నాను.

ఈ శుక్రవారం పొద్దున్నే ముందు మీ సమాధి దగ్గరికి వస్తాను. అక్కణ్ణుంచి నడిచి మీ ఇంటికి వెళ్తాను. బస్టాండులో విన్నది చెబుతాను. అల్లుడికిచ్చిన మాట పోతుంది, పోనివ్వండి. మీరు రేంజికి తీసుకెళ్ళమన్న సంగతీ, పదిహేను రోజులు ఊళ్ళోనే ఉండి రాని సంగతీ చెబుతాను. ఆవిడ తిడతారో, ఏడుస్తారో, గుమ్మం ఎక్కొద్దంటారో తెలియదు. తెలియకుండానే వెళ్తాను.

ఏ మాటతో మొదలుపెట్టాలో ముందుగా రాసుకోను. నోటుబుక్కు ఇంట్లో వదిలేస్తాను. కళ్ళు తెరుచుకుని చెబుతాను మాస్టారూ.

మీ
విలేకరి