బంజరు అని రాసిన చేను

జూన్ 9
రెండు బస్సులు మారి ఉట్నూర్ నుంచి కాలేజీకి వచ్చింది సోంబాయి. నేను గుర్తుపట్టలేదు. "నువ్వు మర్సిపోతవు మేడం. మేమెట్ల మరుస్తం? డీజిల్ చెట్లు పెట్టిచ్చినవ్ గద" అని నవ్వింది. నింద లేదు ఆ నవ్వులో... ఉంటే బాగుండేది. భర్త భీంరావు పోయి రెండేళ్లట. అప్పట్లో సాగులోనే లేదని పోడు చేనుకు పట్టా రాదన్నారట. ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసింది— మా పాత సర్వే నకలు. 'సాగులో లేదు. బంజరు.' కింద సంతకం నాది.

జూన్ 10
ఇరవై ఏళ్ల కిందట. బయోడీజిల్ పథకం సర్వే, నా పరిశోధనా దాని మీదే. అడవి ఆముదం మొక్కలు బంజరు భూములకే ఇస్తారు. భీంరావు చేనులో మోకాలెత్తు జొన్న. ఉచితంగా వచ్చే మొక్కలు వీళ్లకెందుకు దక్కకుండా పోవాలి అనుకుని బంజరు అని రాసేశాను. చదివి వినిపిస్తే ఆయనకు నవ్వాగలేదు. "మరి గీ జొన్న ఎవలేసిన్రు మేడం, పిట్టలా?" నేనూ నవ్వాను. కాగితం మీదే కదా అన్నాను. వేలిముద్ర వేశాడు.

జూన్ 11
ఫైనలియర్ క్లాసు. బయోడీజిల్— అవకాశాలు, సవాళ్లు. ఏటా చెప్పేదే. నీళ్లు లేకపోతే కాపు లేదు, కాయలన్నీ ఒకేసారి పండవు, ఏరే కూలి గింజ ధరను మించిపోతుంది, కొనే మిల్లు దగ్గర్లో ఉండదు... 'నిరుపయోగ భూములు' దగ్గర ఆగాను. నీళ్లు తాగి ముందుకు పోయాను.
భీంరావు వాళ్లు ఆ మొక్కల్ని మూడేళ్లు చూసి, పీకేసి, మళ్లీ జొన్నే వేసుకున్నారట. నేను వెళ్లి చూసింది లేదు. అప్పటికి నాకు డాక్టరేట్ వచ్చేసింది.

జూన్ 13
ఇంట్లో మా ఆయనకు చెప్పాను. కంచంలోంచి తలెత్తలేదు. "తప్పు రాసిన్నని నువ్వే రాసిస్తే, గా సర్వే మీద వచ్చిన డాక్టరేట్ ఏమైతది? నౌకరి ఏమైతది? జర సోచాయించు."
అన్నదాంట్లో తప్పు లేదు. అదే బాధ.

జూన్ 14, ఆదివారం
చర్చిలో ఒప్పుకోలు ప్రార్థన అందరితో పాటు చదివాను. ఎంత సులువో, అందరితో పాటైతే.
ఇంటికొచ్చి పట్టాల ఆఫీసుకు ఉత్తరం మొదలుపెట్టాను. 'అవగాహన లేక' అని రాసి కొట్టేశాను. జొన్న కళ్లారా చూశాను కదా. 'తెలిసే.'

జూన్ 16, ఉట్నూర్
ఆఫీసు వరండా. ముసురు. అధికారి ఉత్తరం రెండుసార్లు చదివాడు. సోంబాయి దరఖాస్తు మళ్లీ చూస్తామన్నాడు. ఆమె బయటికి వెళ్లాక, నెమ్మదిగా— "ఈమెది ఒక్కటేనా మేడం? ఇంకెన్ని ఇట్ల రాసిన్రు?"
వాగు అవతలి చేలన్నీ అన్నాను.
తెల్లకాగితం చేతికిచ్చి, పేర్లు రాసి ఉంచమని భోజనానికి వెళ్లాడు. వరండాలోకి వచ్చి భీంరావు పేరు రాశాను. రెండోది... ముఖాలు గుర్తొస్తున్నాయి. పేర్లు రావడం లేదు. సోంబాయిని అడిగితే అన్నీ చెప్తుంది. ఎందుకని కూడా అడుగుతుంది.
పక్కనే కూర్చుని రొట్టె మూట విప్పుతోంది. సగం తుంచి నా వైపు పెట్టింది.
"ఇంక ఏం రాస్తున్నవ్ మేడం? మన పని అయింది గద."