నాకు నేను కనిపించని ఆట

ఉదయగిరి

అమ్మణ్ణీ దివ్యశ్రీ,

ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే చూశాను. మీ హాస్టల్లో ఫోను ఇవ్వరు కనుక తప్పలేదు.

ఆదివారం మీ నాయన ఫోన్లో నువ్వూ, నా ఫోన్లో నేనూ ఒకే జట్టుగా తుపాకీ ఆట ఆడుతుంటే, ఆటలో నీకు తూటా తగిలింది. "తాతా, పడిపోయినాను, వచ్చి లేపు!" అని అరిచావు. "వస్తుండా అమ్మణ్ణీ" అంటూనే నేను ఆ ఆటలోనే ఒక మిద్దెలోకి దూరి తలుపేసుకున్నాను. "ఏంది తాతా, నన్ను ఆడనే వదిలేసి దాక్కున్నావే!" అన్నావు. ఇంక మాట్లాడకుండానే నెల్లూరు బస్సెక్కావు.

ఆత్మకూరులో నేను టీవీ గేముల షాపు నడిపిన రోజుల్లో, ఇద్దరు పక్కపక్కన పరిగెత్తే ఆట ఒకటుండేది. తోటివాడికి ప్రాణాలైపోతే మన ప్రాణం ఒకటి ఇవ్వచ్చు. నేనేనాడూ కాదనలేదు. కరెంటు పోతే మాత్రం పిల్లలు నన్నే తిట్టేవాళ్లు, అది వేరే కథ. అందులో నా బొమ్మ నాకు కనిపించేది, పారిపోతే సిగ్గేసేది. ఈ కొత్త ఆటల్లో చేతులూ తుపాకీ తప్ప మన మొహం మనకు కనిపించదు.

ఇదంతా సాకేలే. నేను భయపడ్డాను. దసరా సెలవులకు వచ్చి మళ్లీ నాతో ఆడమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నిన్న ఒక్కణ్ణే ఆడాను. నా జట్టులో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పడ్డాడు. వెళ్లి లేపాను. ఇద్దరం చచ్చాం.

తాత