జరిమానా కట్టావంటే చూడు

ఏమయ్యా, అన్నం గిన్నెలో ఉంది, వేడి చేసుకుని తిను. నేను పిల్లల్ని బడి దగ్గర దింపేసి, అటునుంచి అటే కోర్టుకి పోతున్నా. ఆ చలానా నాతోనే తీసుకెళ్తున్నా. నాకు తెలియకుండా కట్టేద్దామని చూశావుగా, అందుకే.

పక్కింటి వకీలమ్మని అడిగా. చలానా మీద నేను పెట్టిన సంతకానికి కాగితం అందిందని మాత్రమే అర్థమట. డబ్బు కడితే మాత్రం తప్పు ఒప్పుకున్నట్టేనట. అజాగ్రత్తగా నడిపిందని నా పేరు మీద పడిందంటే, రేపు ఏ తల్లి తన బిడ్డని నా వ్యాన్ ఎక్కిస్తుంది?

అడ్డొచ్చిన కుక్క ఏనుగంత ఉంది. సరే, దూడంత. దాన్ని తప్పించబోయి చెత్తకుండీని గుద్దితే, అందులోని అరటితొక్కలు ఆకాశానికి ఎగిరి ఇంకా కింద పడలేదు. బండిలో ఒక్క పిల్లాడికి గీత పడలేదు. ఆ పోలీసాయనేమో "చూసి నడపాలమ్మా" అంటాడు. చూశాను కాబట్టే కదయ్యా కుక్క బతికింది! జడ్జిగారికీ ఇదే చెప్తా.

నువ్వు లోపలికి రావద్దు. ఎవరూ అడక్కముందే "తప్పంతా మాదేనండీ" అని దణ్ణం పెట్టేస్తావు.

బయట వరండాలో కూర్చుంటానంటే మాత్రం కాదనను. నీ దగ్గు వినిపిస్తే చాలు, నా గొంతు రెండింతలు లేస్తుంది.